సంచికొంగల వాడిక

ప్రమాదంలో విరిగిన మా ఆయన కాలిలో రాడ్ వేసిన ఏడాదే చేపల సొసైటీ ఆయన్ని సగం వాటాలోకి దించింది.

అందులో సొసైటీ కొత్తగా చేసిన అన్యాయం ఏమీ లేదు. మా మద్దుల చెరువు పద్ధతి మొదటినుంచీ అదే. శివరాత్రి దాటాక చెరువు పట్టే రోజున నీళ్లలో దిగి పెద్దవల లాగినవాడికి నిండు వాటా, దిగలేనివాళ్లకు సగం. భర్తలు పోయిన ఆడవాళ్లు, చూపు ఆనని ముసలివాళ్లు సగం వాటా కింద వస్తారు. వాళ్లు కట్ట దిగువన తుమ్మచెట్టు నీడలో కూర్చుంటారు. నిండు వాటాల పేర్లు పిలిచి, కుప్పలన్నీ ఎత్తుకుపోయాక, అడుగున మిగిలిన చేపలు వాళ్ల ముందు పోస్తారు. ప్రజ్ఞాపూర్ చౌరస్తాలో చేపలమ్మే దాన్ని నేను. ఎవరి కష్టానికి తగ్గ కూలి వాళ్లకు అన్న మాట నాకు సబబుగానే తోచేది. ఆ చెట్టు కింద మా ఆయన లక్ష్మీరాజం కూర్చోవలసి వచ్చిన రోజున గాని, కూలి ఒకటి, కూర్చున్న జాగ ఒకటి అని నాకు తట్టలేదు.

"రా రాజం, రా," అంది అంజవ్వ, కొంగు దులిపి జాగ ఇస్తూ. సగం వాటావాళ్లలో నోరున్న మనిషి ఆమె. "ఇన్నేండ్లకు మా గుంపుకు ఒక మొగదిక్కు దొరికిండు. ఇగ మాకేం రంది లేదు."

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. అంజవ్వ మనసులో విషం ఉండదని ఊరందరికీ తెలుసు. ఇంటికి వచ్చాక ఆయన గంపను గోడవారగా పెట్టి నా వైపు తిరిగాడు.

"వచ్చే యేడు నేను ఆ చెట్టు కింద కూసోను స్వరాజ్యం."

"మరెట్ల? బురదల కాలు ఆగుతదా?"

"ఆగది. గని కూసోను."

మా ఇంట్లో ఆ ఏడాదంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరిగింది.

వానాకాలం పోయి కార్తీకం వచ్చింది. కాలువ నీళ్లు వచ్చినప్పటినుంచి మా చెరువు ఎండాకాలం కూడా ఎండడం లేదు. శిఖం వైపు, అంటే నీళ్లు పలచబడే వెనక భాగంలో, మనిషెత్తు జమ్ము పెరిగి అడవిలా అయింది. చలికాలం వస్తే అక్కడ ఎక్కడెక్కడి పిట్టలో దిగుతాయి. మేం వాటిని చూడకపోలేదు గాని, మాకు అవి చేపలు తినే పిట్టలు, తినని పిట్టలు అని రెండే రకాలు.

ఒకరోజు సిద్దిపేట నుంచి సింధుజ అని ఒకామె స్కూటీ మీద వచ్చింది. కాలేజీలో పాఠాలు చెబుతుంది. మెడలో దుర్భిణి, భుజాన కెమెరా. కట్ట మీద నిలబడి, జమ్ము దాకా తీసుకుపోవడానికి ఎవరన్నా ఉన్నారా అని అడిగింది. మా వాళ్లు తిరిగేవి థర్మకోల్ తెప్పలు. వాటి మీద చీర కట్టుకున్న మనిషి ఎలా కూర్చుంటుంది? సొసైటీకి ఎప్పుడో ఏదో పథకం కింద వచ్చిన ఫైబర్ పడవ ఒకటి కట్ట మీద బోర్లా పడి ఉంది. దాని కింద కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్నాయి. మా ఆయన పోయి దాన్ని వెల్లకిల తిప్పాడు.

"కాలు గట్లున్నది, నడుపుతవా అన్నా?" అందట ఆమె.

"కూసోని చేసే పనే గదా మేడం."

ఆ కూర్చుని చేసే పని ఆయన్ని మళ్లీ మనిషిని చేసింది. ఆమె మరుసటి ఆదివారం ఇంకో ఇద్దరిని తెచ్చింది. వాళ్లు ఇంకొందరికి చెప్పారు. తెల్లవారకముందే లేచి, ఉతికిన చొక్కా వేసుకుని, పడవలో మంచు తుడుచుకుని తయారుగా ఉండేవాడు. ప్రమాదం అయ్యాక నాతో కూడా ముక్తసరిగా మాట్లాడే మనిషి, మధ్యాహ్నం నా దగ్గరికి చౌరస్తాకు వచ్చి కత్తిపీట పక్కన కూర్చుని, పొద్దున ఏ పిట్ట ఏం చేసిందో చెప్పేవాడు. నేను పొలుసు తీస్తూ వినేదాన్ని. తలమీద నల్ల పట్టీలున్న బాతులు మంచుకొండల మీదుగా ఎగిరి వస్తాయట. "గంత దూరం నుంచి వచ్చి మన చెరువుల దిగినయంటే, మనది పేరున్న దుకాణమే అన్నట్టు," అన్నాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. అలా నవ్వి ఎన్నాళ్లయిందో.

వచ్చేవాళ్లందరికీ ఎక్కువ మోజు సంచికొంగల మీద. పుస్తకాల్లో పేరు గూడబాతు అని సింధుజ చెప్పింది. బూడిద రంగు ఒళ్లు, పెద్ద ముక్కు, దాని కింద సంచి. ఆ ముక్కు తెరిచిందంటే నా తట్టలో సగం చేపలు అందులో పడతాయి. అయితే అవి దూరంగా ఉండేవి. పడవ కనబడితే జమ్ము అవతలికి జరిగేవి. దుర్భిణి లేనివాళ్లకు అక్కడ ఏదో తెల్లగా కదిలినట్టు కనబడేది, అంతే.

ఒక సాయంత్రం మా ఆయన నా తట్ట అడుగున మిగిలిన పరక చేపలు చూశాడు. అమ్ముడుపోనివి, తలకాయలు, కడుపు పగిలినవి. రోజూ వాటిని కుక్కలకు వేసి వచ్చేదాన్ని.

"గివి నాకియ్యరాదు."

"ఏం జేస్తవ్?"

"నువ్వు గిరాకిని ఎట్ల నిలవెట్టుకుంటవో గట్లనే జేస్త."

వాడిక కుదర్చడం అని మా బేరంలో అంటాం. ఒకే జాగలో, ఒకే పొద్దుకు, ఒకే మనిషి కూర్చోవాలి. వచ్చినవాడికి ఒక చేప ఎక్కువే వేయాలి. కొన్నాళ్లకు ఆ మనిషి ఇంకో తట్ట వైపు తల కూడా తిప్పడు. మా ఆయన సంచికొంగలకు అదే చేశాడు. జమ్ము మొదట్లో ఒక మొండి చెట్టు మునిగి ఉంటుంది. రోజూ తెల్లవారుతూనే అక్కడ పడవ ఆపి, తెడ్డుతో పడవ అంచు మీద టక్ టక్ మని కొట్టి, పరకలు విసిరేవాడు. మొదట ఒకటి వచ్చింది. తర్వాత దాని వెనక ఇంకొన్ని. పుష్యమాసం వచ్చేసరికి తెడ్డు చప్పుడు వింటే మంద మంద ఈదుకుంటూ వచ్చేవి.

ఒక శనివారం నేనూ పడవ ఎక్కాను. శనివారం మా బేరానికి సెలవులాంటిది. సగం జనం నీచు ముట్టరు. సింధుజ, ఆమె స్నేహితురాలు ముందు కూర్చున్నారు. నేను వెనక, ఆయన పక్కన, బకెట్ కాళ్ల మధ్య పెట్టుకుని.

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఆ చెరువు చేప తిని బతికినదాన్ని, ఆ చెరువు మధ్యలోంచి ఊరిని చూడడం అదే మొదలు. మంచులో ఊరు లేదు. ఎక్కడో మైకులో సుప్రభాతం, ఇంకెక్కడో మోటారు చప్పుడు. తామరాకుల మీద పొడుగు వేళ్ల పిట్ట ఒకటి, బరువే లేనట్టు నడుస్తోంది. ముక్కు మీద తెల్ల బొట్టున్న నల్ల కోళ్లు పడవను చూసి విసుక్కుంటూ పక్కకు జరిగాయి. ఒక బుడ్డ పిట్ట మునిగి, నేను ఇక్కడే లేస్తుందనుకుంటే అక్కడ లేచింది. మా ఆయన ఎవరికీ ఏమీ చెప్పకుండా తెడ్డు వేస్తున్నాడు. సింధుజ పేర్లు చెబుతోంది. ఆమె చెబితే ఆయన తలాడిస్తున్నాడు, ఆయన గడ్డంతో ఒక దిక్కు చూపిస్తే ఆమె దుర్భిణి అటు తిప్పుతోంది. ఇద్దరి పొత్తు బాగా కుదిరిందనిపించింది.

మొండి చెట్టు దగ్గర తెడ్డుతో కొట్టాడు. మంచులోంచి ముందు ముక్కులు వచ్చాయి, తర్వాత ఒళ్లు. ఎంత దగ్గరగా అంటే సింధుజ దుర్భిణి దించేసి ఉత్త కళ్లతో చూసింది. ఒక కొంగ మిగతావాటిని ముక్కుతో నెట్టి పడవ అంచుకు వచ్చి నోరు తెరిచింది.

"అంజవ్వా, ఆగు. అందరికి ఉన్నయ్," అన్నాడు మా ఆయన.

"ఎవరు?" అన్నాను.

"గీమెనే. ఎన్నడన్న వంతు ఆగుతదా సూడు. అచ్చం అంజవ్వే."

నాకు నవ్వాగలేదు. సింధుజ స్నేహితురాలు నా చేతిలో దుర్భిణి పెట్టింది. అంత దగ్గరదాన్ని అందులోంచి చూస్తే కన్ను ఒక్కటే కనబడింది. ఆ కన్ను నన్ను చూడడం లేదు, బకెట్‌ను చూస్తోంది. గిరాకీ కన్ను ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి నాకది వెంటనే నచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు సింధుజ కొంచెం మొహమాటంగా అంది. "అన్నా, ఫొటోలు మస్తు వచ్చినయ్. కాని తిండి పెట్టుడు మానెయ్యాలె. అలవాటైతే వాటికి మంచిది కాదు. మనిషంటే భయం ఉంటేనే అవి బతుకుతయ్."

"నాకాడ భయమెందుకు మేడం?"

"నీకాడ కాదన్నా. నీలెక్క ఉండనోళ్లకాడ."

"వాడిక లేంది గిరాకి ఎట్ల నిలుస్తది మేడం?" అన్నాను నేను. ఆమె నవ్వింది. ఆ వారం ఆమె తీసిన ఫొటోలు చూసి ఇంకా చాలామంది వచ్చారు. తిండి సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

చిక్కు సొసైటీ వైపునుంచి వచ్చింది. చేపలు చేతికి వచ్చే ముందు పిట్టలను బెదరగొట్టడం మా దగ్గర ఏటా ఉన్నదే. వంతుల వారీగా ఒక్కొక్క సభ్యుడు కట్ట మీద నిలబడి పటాకలు కాలుస్తాడు. ఆ ఏడు నీటికాకులు లేచాయి, కొంగలు లేచాయి, బాతులు లేచాయి. సంచికొంగలు కూడా లేచి, ఒక చుట్టు చుట్టి, నేరుగా వచ్చి మా ఆయన పడవ పక్కన దిగేవి. ఎక్కడ పటాక పేలినా వాటికి ఆ పడవే దిక్కయింది. రెండు మూడు వంతులు ఇలా అయ్యాక భూపతి సొసైటీ షెడ్డు దగ్గరికి రమ్మని కబురు పెట్టాడు. నేనూ వెంట పోయాను.

భూపతి సొసైటీ అధ్యక్షుడు. మా ఆయనకు బావ వరస. చెడ్డవాడు కాదు, మా ఆయన దవాఖానలో ఉన్నప్పుడు రాత్రులు కాపలా కూర్చున్న మనిషి.

"బావా, చేప పిల్ల పోసింది మనం, పెంచింది మనం. తింటున్నది సంచికొంగలు. ఇదివరకు వచ్చి పోయేటియి. ఇప్పుడు సంసారాలు వెట్టినయ్. ఎందుకంటవ్?"

"నేనేసేది అమ్ముడువోని పరకలు బావా. చెరువుల చేప ముడుతలేను."

"నువ్వు పొద్దుగాల వెట్టేది చాయ బిస్కట్. మరి బువ్వ ఎవరిది? మనదే గద!"

షెడ్డంతా నవ్వింది. మా ఆయన నవ్వలేదు.

"కట్ట మీద ఎవ్వలు కాల్చినా నీ దగ్గరికే ఉరుకుతున్నయ్," అన్నాడు భూపతి. గొంతు తగ్గించాడు. "నువ్వు కాలిస్తేనే పోతయ్ బావా, ఇంకెవ్వలతోని కాదు. నువ్వు నీ పడవలకెల్లి కాల్చాలె. ఆ పని చేస్తే నీళ్లల్ల దిగి వల గుంజినట్టే లెక్క. నిండు వాటా. ఈ యేడే కాదు, ఎప్పటికి. నలుగురి ముంగట చెప్తున్న."

నాకు ఆ బేరం నచ్చలేదు. "అన్నా, రోజు బేరం జేసేదాన్ని, ఒక్క మాట చెప్త," అన్నాను. "వాడిక ఒక్కసారి చెడితే మళ్ల కుదరది. చెరువు సూడ సిద్దిపేట నుంచి వస్తున్నరు, రేపు పట్నం నుంచి వస్తరు. పడవ సొసైటీదే. ఈ గిరాకి మీదే అయితది. కొన్ని చేపలు పోతే పోనియ్యి."

"సూడ వచ్చేటోళ్లు కొంగలు లేకున్నా వస్తరు చెల్లె. చెరువు ఏడికి వోతది?"

నేను మా ఆయన వైపు తిరిగాను, ఆయన కూడా ఏదన్నా అంటాడని. ఆయన షెడ్డు బయటికి చూస్తున్నాడు. అక్కడినుంచి తుమ్మచెట్టు కనబడుతుంది.

"చేస్త బావా," అన్నాడు.

ఇంటికి వచ్చాక ఆగలేకపోయాను.

"ఎందుకొప్పుకున్నవయ్యా?"

"పేరు పిలుస్తరు గద స్వరాజ్యం."

"పిలిస్తే?"

"అందరి లెక్క లేచి పోత."

పడవ వల్ల వచ్చేది ఎంత, సగం వాటాకు నిండు వాటాకు తేడా ఎంత, ఏది నికరం, ఏది కాదు, అన్నీ విడమరిచి చెప్పాను. నాకు లెక్కలు చెప్పడం వచ్చు. ఆయన అన్నీ విని, "నువ్వన్నది నిజమే," అని పడుకున్నాడు. తుమ్మచెట్టు కింద కూర్చున్నా, ఎక్కడ కూర్చున్నా నాకు నువ్వు నువ్వే అన్న మాట ఉంది చూడండి, అది ఏ లెక్కలోనూ రాదు. అందుకే నాకది ఆ పూట తోచలేదు. ఆయనకు కావలసింది అదొక్కటేనేమో అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

పటాకలు కాల్చే పొద్దున సభ్యులంతా కట్ట మీదికి వచ్చారు, తమాషా చూడడానికి వచ్చినట్టు. పటాకలు అంటించేవాడు తెడ్డు వేయలేడు కాబట్టి పడవలో నేనూ ఎక్కాను. ఎక్కేముందు ఆయన బకెట్‌లోకి చూశాడు.

"గివి ఒద్దు. ఇయ్యాల మంచియి తియ్యి."

"అమ్మేటియి గదయ్యా?"

"తియ్యి."

తట్టలోంచి నిన్నటి సందెకు తెచ్చిన రవ్వ చేపలు తీసి ఇచ్చాను. ఆయన వాటిని ముక్కలు చేసి బకెట్‌లో వేసుకున్నాడు.

మొండి చెట్టు దగ్గరికి వచ్చేసరికి మంచు పలచబడుతోంది. ఆయన తెడ్డు అందుకుని ఎప్పటిలాగే పడవ అంచు మీద కొట్టాడు. ఎప్పటిలాగే వచ్చాయి. ఆయన ఒక్కొక్క ముక్కా విసురుతున్నాడు, తొందరేమీ లేదు. వెనకబడినవాటికి దూరంగా విసిరాడు. అంజవ్వ పడవ అంచుకు వచ్చి నోరు తెరిస్తే చేత్తోనే పెట్టాడు.

"ఏంది బావా, దావతిస్తున్నవా?" అని కట్ట మీదనుంచి భూపతి కేక వేశాడు.

"పొద్దుగాల్నే వచ్చిన గిరాకిని ఉత్తగ తోలద్దు. గంతేనా స్వరాజ్యం?" అన్నాడు మా ఆయన నాతో, మెల్లగా. బోణీ గిరాకీ గురించి నేనెప్పుడూ అనే మాట అది.

బకెట్ ఖాళీ అయింది. దాన్ని బోర్లించి కొంగలకు చూపించాడు. అయిపోయిందని రోజూ అలాగే చూపిస్తాడట. అవి తిరిగి పోవడం మొదలుపెట్టాయి. అంజవ్వ ఒక్కటి ఆగింది. ఆయన దండలా అల్లిన పటాకల లడిని వెదురు కర్ర చివర కట్టి నీళ్ల మీదికి చాచాడు.

"చెవులు మూసుకో," అన్నాడు.

మూసుకున్నాను. కళ్లు కూడా. అయినా ఆ రెక్కల చప్పుడు వినబడింది, పటాకల చప్పుడు కంటె ఎక్కువగా. కళ్లు తెరిచేసరికి పొగ, నీళ్ల మీద ఎర్ర కాగితాలు, పైన మంద. కట్ట మీద ఈలలు వేస్తున్నారు. మంద చెరువు చుట్టూ ఒక చుట్టు చుట్టింది. తర్వాత దిగింది. ఎక్కడ దిగిందంటే, మా పడవ పక్కనే దిగింది.

అవి నేర్చుకున్నది అదే. పటాక పేలితే ఈ పడవ దగ్గరికి రావాలి.

కట్ట మీద ఈలలు ఆగిపోయాయి. ఆయన నా వైపు చూశాడు. ఆ చూపుకు నేనేదన్నా అంటే ఆగేవాడే. కట్ట మీద అంతమంది ఉన్నారు.

"ఇంకోటి ఉన్నదా?" అన్నాడు.

సంచిలోంచి తీసి ఇచ్చాను.

ఈసారి అవి చుట్టు తిరగలేదు. అలుగు పారే మత్తడి మీదుగా లేచి, దౌల్తాబాద్ దిక్కుకు పోయాయి. మంచి వరసలో పోయాయి. మరునాటికి బాతులు కూడా తగ్గాయి. వారం తిరిగేసరికి జమ్ములో నల్ల కోళ్లు తప్ప ఏమీ లేవు.

ఆదివారం సింధుజ ఒక ముసలాయన్ని వెంటబెట్టుకుని వచ్చింది, వాళ్ల నాన్న. ఆయనకు సంచికొంగలను చూపించాలని తెచ్చింది. మా ఆయన ఎప్పటిలాగే ఉతికిన చొక్కాతో పడవ దింపాడు. నేను కట్ట మీదనుంచే చూశాను. మొండి చెట్టు దాకా పోయారు, ఆగారు. తెడ్డు చప్పుడు వినబడలేదు. కాసేపటికి తిరిగి వచ్చారు. పడవ దిగుతూ సింధుజ వంగి, జమ్ము ఆకుకు అంటుకుని వచ్చిన ఎర్ర కాగితం ముక్కను తీసి చూసింది. చూసి నీళ్లలో వేయలేదు, సంచిలో వేసుకుంది.

"ఏడికి పోయి ఉంటయన్నా?" అంది.

"తెల్వది మేడం."

"మళ్ల వస్తయిలే."

ఆయన పడవకు తాడు కట్టాడు. ముసలాయన మాత్రం చెరువు చాలా బాగుందని, గాలి బాగుందని నాకు పదేపదే చెప్పాడు. ఆమె తర్వాత రాలేదు. ఫోన్లూ తగ్గిపోయాయి. చెరువు ఎక్కడికీ పోలేదు, భూపతి అన్నది నిజమే.

శివరాత్రి దాటింది. చెరువు పట్టారు. చేప అంతకుముందు ఏడు ఎంత పడిందో ఆ ఏడూ అంతే పడింది. రెండు తట్టలు అటో ఇటో. భూపతి మాట తప్పే మనిషి కాదు. నిండు వాటాల పేర్లు పిలుస్తూ మధ్యలో, అందరికంటె గట్టిగా, "లక్ష్మీరాజం!" అని పిలిచాడు. మా ఆయన కుంటుతూ లేచాడు. తడవని బట్టలతో, తడిసినవాళ్ల మధ్యలోంచి పోయి నిలబడ్డాడు. కొందరు చప్పట్లు కొట్టారు, ప్రేమతోనే.

గంప ఎత్తుకుని తుమ్మచెట్టు పక్కగా వస్తుంటే అంజవ్వ ఊరుకుంటుందా?

"పోతున్నవా రాజం, మమ్ముల ఇడిచిపెట్టి? పో పో. అవునుగని, నా పేరు పెట్టినవట గద ఒక కొంగకు? గదేమాయె?"

ఆయన ఆగాడు. తర్వాత గంప దించి, ఆమె ముందున్న ఖాళీ తట్టలోకి తన చేపలు వంచడం మొదలుపెట్టాడు. ఒకటి రెండు కాదు.

"అయ్యో, ఏంది రాజం, పిచ్చి లేసిందా? నవ్వులకన్న బిడ్డా, నవ్వులకన్న," అని అంజవ్వ ఆయన చేతులు పట్టుకుంది. నేను పోయి గంప అందుకున్నాను.

పడవ మళ్లీ బోర్లా పడింది. కోళ్లు తిరిగి వచ్చాయి. మా ఆయన ప్రజ్ఞాపూర్‌లో ఒక గోడౌన్‌కు కాపలా ఉంటున్నాడు. పగటి డ్యూటీ, కుర్చీ ఇచ్చారు. నిండు వాటా ఏటా వస్తుంది, పేరు పిలుస్తారు, నేను పోయి తెచ్చుకుంటాను. ఆయన కట్ట ఎక్కడు. పోయిన చలికాలం కొమురవెల్లి దిక్కున ఏదో చెరువులో సంచికొంగలు దిగాయని ఎవరో చెబితే, చెప్పినవాడికి చాయ తాగించి ఎంత మంద అని అడిగాడు. చూసి వద్దాం పద అంటే మాత్రం, "మనల్ని సూస్తే లేస్తయి," అన్నాడు.

ఈ మధ్య నా బేరంలో ఒక అలవాటు పడింది. తట్ట అడుగున నాలుగు చేపలు పక్కకు పెడతాను. పరకలు కాదు, మంచివే. సందెకు ఆయన డ్యూటీ దిగి నా దగ్గరికి వచ్చి, కత్తిపీట కడిగి, కాంటా మూట కట్టి, ఇద్దరం ఆటో ఎక్కుతాం. మొన్న అలా సర్దుకుంటుంటే ఒకామె ఆదరాబాదరాగా వచ్చింది.

"అక్కా, చుట్టాలొచ్చిన్రు. గా నాలుగు ఇయ్యరాదు."

"అవి ఇయ్యరాదు బిడ్డా."

"ఎందుకక్కా? అడిగినంత ఇస్త."

"అవి వాడికోళ్లయి."

"సందెవడ్డది, ఇంకెప్పుడొస్తరు వాళ్లు?"

"వస్తరు," అన్నాను.

ఆమె గొణుక్కుంటూ పోయింది. మా ఆయన కత్తిపీట కడుగుతున్నవాడు తలెత్తలేదు. కడగడం అయ్యాక, బకెట్‌లో మిగిలిన నీళ్లు పారబోయకుండా చెంబుతో ముంచి, ఆ నాలుగు చేపలు ఎండకుండా మీద చల్లాడు.